కాకిబంగారము: గూడూరు మైకా గనుల జ్ఞాపకము ఎవరి పూచీ?

గూడూరు నుండి సైదాపురము పోవు బాటను వాన వెలిసిన సాయంకాలమున నడచినవారికి ఒక వింత కానవచ్చును. బాట ప్రక్క మట్టి మిలమిల మెఱయుచుండును. పొలము గట్టున, చెఱువు కట్టపై, తుదకు ఎద్దుల గిట్టల కంటిన బురదలో గూడ వెండిపొడి చల్లినట్లు తళుకులు గోచరించును. ప్రొద్దు వాలినకొలది ఆ తళుకులు హెచ్చును. క్రొత్తవారు ఆగి చూతురు. ఆ యూరివారు చూడరు. వారి కది కాకిబంగారము. వైద్యులు దానిని అభ్రకమందురు, వర్తకులు మైకా యందురు. చదువుకొను పిల్లలు పుస్తకపు టాకుల నడుమ నెమలికన్నుతోపాటు దాని రేకు నొకదానిని దాచుకొందురు.

బాటకు కొంత యెడముగా తుమ్మపొదలు క్రమ్మిన దిబ్బలు కలవు. దూరమునకు అవి చిన్న కొండలవలె నుండును. అవి కొండలు గావు. మన తాతలును అవ్వలును తట్టలతో నెత్తి కెత్తుకొని మోసి పోసిన రాళ్ల రాసులవి. ప్రతి రాసి చెంతను దానికి తగిన గుంట యొకటి యుండును. గుంటలో నీరు నిలిచియుండును. ఆ నీటి అడుగున గని యున్నది.

ఈ దిబ్బలకు ఇప్పుడు కాళ్లు వచ్చినవి. ఆనాడు మైకా కొఱకు త్రవ్వినప్పుడు పనికిరాదని పాఱవైచిన తెల్లరాతికి, అనగా క్వార్ట్జునకు, నేడు దేశాంతరముల గిరాకి పుట్టినది. గాజునకును, సిలికానునకును, దాని మూలమున సౌరవిద్యుత్తు ఫలకములకును అది మూలద్రవ్యము. అందుచే యంత్రములు వచ్చి దిబ్బలను త్రవ్వి లారీల కెత్తుచున్నవి. తెల్లరాయి అమ్ముకొనుట తప్పని మేమనము. పాఱవైచిన రాయి పదిమందికి కూడు పెట్టినచో సంతోషమే. కాని దిబ్బ పోవుటతో దాని వెనుకటి కథయు పోవుచున్నది. ఆ కథ చెప్పగలవారు వృద్ధులైరి. గనులలో పనిచేసినవారు, రేకులు చీల్చిన స్త్రీలు, ముఠాలకు మేస్త్రీలుగా నుండినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. రాళ్లకంటె ముందుగా వారి మాటను భద్రపఱుపవలసి యున్నది. ఈ పని ఏ దొరతనమువారో వచ్చి చేయుదురని ఎదురు చూచుటకు వ్యవధి లేదు. ఊళ్లవారే పూనుకొనవలెనని మనవి చేయుటకే ఈ వ్యాసము.

తూర్పున సముద్రమునకును, పడమట వెలికొండలకును నడుమ నున్న నెల్లూరు మైదానమున, గూడూరు మొదలు సంగము వఱకు సుమారు 60 మైళ్ల నిడివిని, 8 నుండి 10 మైళ్ల వెడల్పున ఈ మైకా నేల వ్యాపించి యున్నది. నూఱుకోట్ల యేండ్లకు మించిన కాలమునాడు భూగర్భమున కరగిన రాయి మిక్కిలి మెల్లగా చల్లబడి, తెల్లరాయి, ఫెల్స్పారు, మైకా అను మూడు ద్రవ్యములును పెద్ద పెద్ద స్ఫటికములుగా వేఱుపడినవి. చల్లబడుట ఎంత మెల్లనైన స్ఫటికము అంత పెద్దదగును. ఇది వంటయింట పటికబెల్లము కట్టు తీరును చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పొదలకూరు ప్రాంతమున ఇనుకుర్తి గనిలో 10 అడుగుల వెడల్పుగల మైకా స్ఫటికములు దొరకినవని భూగర్భశాస్త్ర గ్రంథములలో ప్రసిద్ధముగా నున్నది. నేటికిని ప్రపంచపు పెద్ద స్ఫటికములను ముచ్చటించువారు ఇనుకుర్తి పేరు తలచుదురు. ఇనుకుర్తి పిల్లలలో ఎందఱికి ఈ సంగతి తెలియునో!

ఇట్టిదే మఱియొకటి. సైదాపురము చేరువ గ్రిద్దలూరు వద్ద శంకర గనిలో సమర్స్కైటు అను నల్లని బరువైన ఖనిజము దొరకెను. అందు యురేనియము, నియోబియము మున్నగు దుర్లభ ధాతువులు కలవు. మైకా కొఱకు త్రవ్విన గుంట శాస్త్రజ్ఞులకు నిధియైనది.

త్రవ్వకము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున గట్టిగా నారంభమైనది. 1902లో హాలండు దొర హిందూదేశపు మైకాను గూర్చి ప్రభుత్వ భూగర్భశాఖ పక్షమున వ్రాసిన గ్రంథమున నెల్లూరు గనులకు పెద్ద స్థానమే యిచ్చెను. బిహారు మైకా కెంపురంగుది. నెల్లూరు మైకా ఆకుపచ్చ చాయ గలది. బిహారు తరువాత నెల్లూరే. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలలో గనులు వెలసినవి. వానిలో కొన్ని వేంకటగిరి జమీందారీ పల్లెలలోనివి. కలిచేడు, తలుపూరు, సైదాపురము, ఊటుకూరు మున్నగు పేర్లు మదరాసు వర్తకుల నోటను, లండను వర్తకుల లెక్కపుస్తకములలోను నలిగినవి. 1899 నాటికి బెజవాడ, మదరాసు రైలుదారి ఏర్పడుటచే గూడూరులో ఎక్కించిన మైకా పెట్టెలు రేవు చేరుట సులభమైనది. ఊళ్లలో సేద్యము వర్షాధారము. చెఱువు నిండనియేట గనియే కూడు పెట్టెను. భూస్వాములకు కౌలు, బండివారికి బాడుగ, కూలివారికి వారమునకు రొక్కము. అంతకు మున్ను ఆ పల్లెలలో కూలి గింజలుగానే ఇచ్చుట వాడుక. వారమువారము చేతిలో నాణెము పడుట సామాన్యమైన మార్పు కాదు.

ఆ పని యెట్లు జరిగెడిదో కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. గనులు చాలవఱకు పైకి తెఱచిన పెద్ద గుంటలు. కొన్ని సొరంగముగా లోతునకు పోయినవి. సమ్మెట, ఉలి, మందుగుండు వీని సాయమున రాతిని పగులగొట్టెడివారు. పగులగొట్టుటలోనే నేర్పున్నది. మైకా ఉన్న తావున మందు హెచ్చుగా కూరినచో రేకు చిల్లులు పడి రూపాయి సరకు అణాకు దిగును. కావున రాతి పొర ఎటు నడచుచున్నదో కనిపెట్టి, మైకాకు దవ్వుగా రంధ్రము తొలుచుట అనుభవజ్ఞుల పని. ఈ విద్యకు బడి లేదు. తండ్రి వెంట కొడుకు, మేనమామ వెంట మేనల్లుడు పోయి చూచి నేర్చినదే. పగిలిన రాయిని స్త్రీపురుషులు వరుసలుగా నిలిచి తట్ట లందించుకొనుచు గట్టు కెక్కించెడివారు. వానకాలమున గుంటలలో నీరు ఊరును. మొదట చేతితోను, పిమ్మట ఆవిరి యంత్రములతోను తోడెడివారు.

గట్టుపైకి వచ్చిన మైకా దిమ్మను ఆంగ్లేయులు పుస్తకమనిరి. ఆ పేరు తగియున్నది. ఎన్ని పొరలు విప్పినను ఇంకను పొరలుండును. ఇక్కడ నుండి పని కొట్టములలోనిది. పెక్కు తావుల స్త్రీలది. కత్తి మొనతో అంచున సందు చేసి, వ్రేళ్ల కొసలతో పొరను విడదీయవలెను. అంగుళములో వేయవ వంతు దళసరిగల రేకును వట్టి చేతితో తీయవలెనన్న మాట. అంతకు మించిన మందము వచ్చినచో తక్కువ తరగతి, చిరిగినచో చెత్త. బిహారులో కొడవలితో అంచులు చెక్కెడివారు. మదరాసు రాజధానిలో, అనగా మన నెల్లూరులో, పెద్ద కత్తెరలతో అంచులు కత్తిరించు పద్ధతి. అందుచే రేకు చూచినంతనే ఇది ఏ దేశపు చేతిపనియో లండను వర్తకుడు చెప్పగలిగెడివాడు. కత్తిరించిన రేకును వెలుతురునకు ఎత్తిపట్టి, మచ్చ ఎంత, గీత ఎంత, రంగెంత యని చూచి, పరిమాణమును బట్టి అంకెలు వేసి వేఱుపఱచెడివారు. ఆ చూపు యంత్రమునకు లేదు. ఇంతటి నేర్పు గలవారికి ముట్టిన కూలి ఎంతయో మనలో పలువురు ఎఱిగియే యుందురు. వేలిముద్ర వైచి తీసికొన్న ఆ కూలికిని, సీమలో పలికిన వెలకును గల దూరము ఈ కథలో మఱువరాని భాగము.

ఈ రేకు ఏ పనికని అడుగుదురేమో. విద్యుత్తును పాఱనీయదు, నిప్పునకు చెడదు, వంచిన వంగును. ఈ మూడు గుణములును ఒక్కచోట నుండుట అరుదు. పూర్వము రష్యాలో కిటికీలకు గాజునకు బదులు దీనిని వాడుటచే దానికి మస్కోవీ గాజను పేరు వచ్చెను. విద్యుద్యంత్రములు పుట్టిన పిమ్మట దాని దశ తిరిగినది. ఆనాడు డైనమోలు, మోటారులు, రేడియోలు, విమానపు ఇంజనుల ప్లగ్గులు మైకా లేక నడువకుండెడివి. చిన్న రేకులను లక్కతో అంటించి పలకలు చేయు విధానము తెలిసినది మొదలు చిన్న ముక్కకు గూడ వెల పలికెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్ల ప్రభుత్వమును అమెరికా ప్రభుత్వమును కలిసి 1942లో మైకా కొనుగోలునకే ఒక ఉమ్మడి సంఘమును మన దేశమునకు పంపవలసి వచ్చినది. ప్రపంచమున వాడబడు రేకు మైకాలో అధికభాగము హిందూదేశముదే యగుటయే దీనికి కారణము. ఐరోపా ఆకాశమున ఎగిరిన విమానములలో మన పల్లెటూరి స్త్రీలు చీల్చిన రేకు లుండెననుట అతిశయోక్తి కాదు. ఆ యుద్ధ చరిత్రలు సంపుటములు సంపుటములుగా వెలువడినవి. అందు ఈ స్త్రీల పేరొక్కటి వెదకి చూడుడు!

1946లో మైకా గనుల కార్మిక సంక్షేమనిధి చట్టము వచ్చినది. ఎగుమతియగు మైకాపై పన్ను విధించి ఆ సొమ్మును కార్మికుల వైద్యమునకును, విద్యకును, నీటి వసతికిని వినియోగించుట దాని ఉద్దేశము. కలిచేడులో ఆసుపత్రి ఆ నిధి వలన వెలసినదే. ఆ ఆసుపత్రికి ఎట్టి రోగులు వచ్చిరో తలచుకొన్నచో గనుల రెండవ ముఖము తెలియును. రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి మనుష్యుని లోలోన గట్టిపఱచును. దగ్గు మొదలైన పిమ్మట వెనుకకు మఱలుట లేదు.

క్షీణకథ పొడుగు చేయము. మైకా తుక్కును నూఱి కాగితముగ చేయు యంత్రము వచ్చినది. రేడియో దీపములు పోయి ట్రాన్సిస్టరులు వచ్చినవి. ప్లాస్టికు తోడుకొన్నది. మైకా వ్యాపార సంస్థ నొకదానిని కేంద్రప్రభుత్వము నెలకొల్పినను ప్రవాహమునకు అడ్డుకట్ట పడలేదు. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ రష్యా 1991లో విచ్ఛిన్నమగుటతో మిగిలిన గనులలో చాలభాగము దిక్కులేనివైనవి. యంత్రములు ఇనుపతుక్కుగా అమ్ముడుపోయినవి. కొట్టముల పైకప్పులు కూలినవి. లెక్కపుస్తకములు చెదలపాలైనవి.

పోయిన పరిశ్రమను తలచి యేమి ప్రయోజనమని కొందఱందురు. తలపకపోయిన నేమగునో తెలిసికొనుటకు తెలుగువారు దూరదేశము పోనక్కఱలేదు. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను పల్లె యున్నది. ఒకప్పుడు ప్రపంచమున మేలైన ఉక్కు అక్కడ తయారయ్యెడిది. మట్టి మూసలలో ఇనుము నుంచి, మూతబెట్టి, కొలిమిలో గంటల తరబడి కాచి, ముద్దలుగా తీసెడివారు. పారశీక వర్తకులు వచ్చి ఆ ముద్దలు కొనిపోయెడివారు. డమాస్కసు ఖడ్గములని లోకము పొగడిన కత్తులకు దక్షిణాపథపు ఉక్కు మూలము. ఇంతటి పనిని గూర్చి మనకు తెలిసిన దెట్లు? వాయిసీ యను సర్వే శాఖ వైద్యుడు ఆ యూరు పోయి కన్నులార చూచి వ్రాసికొన్నందున. ఆయన 1824లో మరణించెను. ఆయన వ్రాత 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. ఒక్క పరదేశి దినచర్యలేకున్న ఆ కొలిమి నడచిన తీరు మనకు ఊహకు గూడ అందకపోవును. కరగించిన కమ్మరుల పేళ్లు లేవు. వారు మూసను, మంటను, ముద్దను ఏ మాటలతో పిలిచిరో, ఉక్కు పండినదని ఏ గుఱుతున కనిపెట్టిరో వారి నోట చెప్పించి వ్రాసినవాడు లేడు. 2010లో బెంగుళూరు పరిశోధన సంస్థవారును ఆంగ్లదేశపు ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున పల్లె పల్లె తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను లెక్కపెట్టవలసి వచ్చినది. పెంకులు చెప్పునది కొంతయే. మనిషి చెప్పగలిగిన కాలమున అడిగినవాడు లేకపోయెను.

కోనసముద్రమునకు ఆలస్యమైనది రెండువందల యేండ్లు. గూడూరు ప్రాంతమునకు ఇంకను ఆలస్యము కాలేదు. ఈ రెంటికిని గల భేదము అదియే.

ఇతర దేశములలో నేమి చేసిరో ఒక్క ఉదాహరణము చాలును. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున బెత్లెహేమను ఉక్కునగరము కలదు. పెద్ద వంతెనలకును, యుద్ధనౌకలకును ఉక్కు పోసిన ఊరది. 1995లో అక్కడ కొలుములు చల్లారినవి. పిమ్మట 2001లో సంస్థయే దివాలా తీసెను. వేలకొలది కుటుంబముల జీవనము పోయినది. కొలుములను పడగొట్టి తుక్కునకు అమ్మి ఉన్నచో అడిగెడివారు లేరు. కాని ఊరివారు వానిని నిలిపి యుంచిరి. 2011లో ఆ కొలుముల నీడను సంగీతసభలకును ఉత్సవములకును స్థలమేర్పడినది. 2016లో పాత కార్మికశాలలోనే పరిశ్రమల ప్రదర్శనశాల వెలసినది. అన్నిటికంటె మాకు నచ్చినది మఱియొకటి. పనిపోయిన కార్మికులే ఒక సంఘముగా చేరి తోటివారి జ్ఞాపకములను మాటలలో నిలిపిరి, చూడవచ్చినవారికి తామే దారిచూపి చెప్పిరి. వారు చేసినదంతయు అనుకరింపవలెనని మా అభిప్రాయము కాదు. అదే ఆవరణమున 2009లో పెద్ద జూదశాలయు వెలసినది, దాని రాబడి కొంత ఈ పనులకు తోడ్పడినది. జూదపు సొమ్ముతో జ్ఞాపకములను నిలుపవలసిన దుర్గతి మన పల్లెలకు రాకుండును గాక. ధనము కొఱత యున్నచో తక్కువ ధనముతో నగు పనులే ముందు చేయవచ్చును.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. అది తేలికగ త్రోసివేయదగినది కాదు. గనులు పేదవాని కేమి మేలు చేసినవి? దగ్గు మిగిల్చినవి, గుంటలు మిగిల్చినవి. లాభములు సీమకును పట్టణములకును పోయినవి. అట్టిదానిని పూజించుట యెందుకని గనికార్మికుని మనుమడు అడిగినచో మనమేమి చెప్పగలము? పూజింపుమని మేము చెప్పుటలేదు. గనియజమానుల నిలువుటద్దపు పటములు తగిలించి దండలు వేయు ప్రదర్శనశాల మాకును అక్కఱలేదు. ఎవరెంత సంపాదించిరో, ఎవరెంత దగ్గిరో, రెండును ఒక్క గోడపై నుండవలెను. గుంటలో పడి మరణించినవారి పేళ్లు ఆ యూరివారికి జ్ఞాపకమున్నచో అవియు వ్రాయవలెను. కథ మఱచినచో దగ్గిన తాత దగ్గుటయే నిజము కాకపోవును. క్రొత్త గనులు త్రవ్వువారు పాతవారు చేసిన తప్పునే మరల చేయుదురు. తెల్లరాతి ధూళియు ఊపిరికి మైకా గని ధూళివంటిదే. నేడు ఆ రాతిని పగులగొట్టు కూలివాని ముక్కునకు గుడ్డ యున్నదా యని అడుగుటకు పాతకథ తెలిసినవాడే అర్హుడు.

ఇక పని. మొదట భూస్వాములకు మా మనవి. పాతగనులు కొన్ని మీ పట్టా భూములలోను, వాని యంచులలోను ఉన్నవి. కౌలు పత్రములు, రసీదులు, గని పటములు, హాజరు పుస్తకములు మీ పెట్టెలలోను అటకలపైనను ఉండవచ్చును. జమీందారీలు 1948 చట్టముతో పోయినవి. అందలి కాగితములలో కొన్నియైనను ఎవరి యింటనో మిగిలియుండక మానవు. 1972 నాటి పురావస్తు చట్టము 75 ఏండ్లు దాటిన చారిత్రకములైన వ్రాతప్రతులను పురావస్తువులుగ నెంచును. కనుక ఆ అటకపై నున్నది చెత్త కాదు. వానిని ఎవరికిని ధారపోయ నక్కఱలేదు. ఎండలో నొకపూట ఆరబెట్టి, చెదలు దులిపి, పుటపుట ఛాయాచిత్రము తీయనిచ్చిన చాలును. అసలు మీ పెట్టెలోనే యుండును.

రెండవ మనవి దిబ్బలను గూర్చి. అన్నిటిని నిలుపవలెనన్నచో ఎవరును ఒప్పరు, మేమును అడుగము. గ్రామమునకొక దిబ్బ, దాని గుంటతో కూడ, తాకక విడువుడు. గుంట చుట్టు కంచె వేయవలెను. ఆ గుంటలు నిలువుగా లోతైనవి. ఈతకు దిగిన పిల్లలకు ప్రమాదము. పురాతన కట్టడముల చట్టము నూఱేండ్లు దాటిన వానికి రక్షణ నీయ వీలు కల్పించుచున్నది. 1890 ప్రాంతపు గనులకు ఆ నూఱేండ్లు నిండి చాల కాలమైనది. గ్రామసభ తీర్మానము చేసి అర్జీ పంపుటకు ఖర్చేమియు లేదు. అర్జీకి ఉత్తరువు వచ్చునో రాదో. తీర్మానము మాత్రము పుస్తకమున నిలుచును, లారీ తెచ్చినవానికి చూపుటకు పనికివచ్చును. ఒప్పుదలయైన భూస్వాములు లారీవారితో ఒప్పందము వ్రాసికొనునపుడే ఆ దిబ్బను మినహాయించి వ్రాయించుట అన్నిటికంటె గట్టిపని.

పట్టణవాసులకు మఱియొకటి. గూడూరులో పాత మైకా కొట్టములు, గిడ్డంగులు నున్నచో వానిలో నొకటి బాడుగకైనను తీసికొని, కత్తెరలు, కత్తులు, కొలత పలకలు, పెట్టెలపై గుఱుతులు వైచు అచ్చులు, ఇనుకుర్తి, శంకర గనుల రాళ్లు, సేకరించి పెట్టవచ్చును. రేకులు చీల్చిన అవ్వ యొకతె వారమున కొకనాడు అక్కడ కూర్చుండి పాఠశాలల పిల్లల యెదుట చీల్చి చూపవలెను. దానికి ఆమెకు కూలి ఇయ్యవలెను. ఉచితముగా చేయించుకొనుట పాతకథకు తోక కట్టుటయే యగును. సొమ్ము ఎక్కడిదందురా? 2015లో గనుల చట్టమునకు చేసిన సవరణచే జిల్లా ఖనిజనిధులు ఏర్పడినవి. గనుల వలన బాధపడిన ఊళ్ల మేలు కొఱకు గని గుత్తదారులు చెల్లించు సొమ్మది. ఆరోగ్యము, త్రాగునీరు, విద్య మొదట రావలసినవే. ఐనను విద్య క్రింద పాఠశాలలకు ఈ ఖనిజముల పెట్టెలును, ఆ వృద్ధులకు ఊపిరితిత్తుల పరీక్షయు కోరుట న్యాయమే. పరీక్షకు వచ్చినవారిని ఆ దినముననే కథయు అడుగవచ్చును. రెండు పనులు ఒక్క ప్రయాణమున తీరును.

2022లో జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలోనికి పోయి, సైదాపురము నెల్లూరులో నిలిచినది. కచేరీలు మాఱినవి, కాగితములు రెండు తావుల చీలినవి. మైకా పొర మాత్రము ఆ సరిహద్దు నెఱుగక నేలక్రింద ఎప్పటివలెనే నడచుచున్నది. ఇట్టి పని జిల్లా కచేరీకి విడిచినచో ఏ కచేరీ దని తేలుటకే కొన్నియేండ్లు పట్టును. ఊళ్లు తమలో తాము కలిసికొనుటకు సరిహద్దు అడ్డము రాదు.

తీరమున కృష్ణపట్నము వద్ద క్రొత్త పారిశ్రామిక నగరమునకు 2025 జనవరిలో పునాదిరాయి పడినది. 2008లో తెఱచిన పెద్దరేవు దాని ముంగిట నున్నది. ఇది నెల్లూరు సీమకు తొలి పరిశ్రమ యన్నట్లు ఉపన్యాసములు వినబడుచున్నవి. అక్కడికి ఎంతయో దూరము లేని పల్లెలలో నూటముప్పది యేండ్ల నాడే పరిశ్రమ పుట్టి, సముద్రముల కావలి యంత్రములను నడిపి, చల్లారినదని ఆ సభలలో చెప్పువారు లేరు. క్రొత్త నగరపు కర్మాగారములలో చేరబోవు పిల్లల తాతలే పాతగనుల పనివారు. సొమ్ము వచ్చిన నాళ్లలో ఏమి దాచుకొనవలెనో, కూలి ఒప్పందమున ఏ మాట వ్రాయించుకొనవలెనో, దగ్గు మొదలైననాడు ఎవరి నడుగవలెనో ఆ తాతలు చెప్పగలరు.

పని మొదలుపెట్టదలచినవారికి ప్రశ్నలు కొన్ని వ్రాసి యిచ్చుచున్నాము. ఏ గుంటకు ఏ పేరు, ఆ పేరెట్లు వచ్చినది? దినమునకు కూలి ఎంత, మగవానికెంత, ఆడుదానికెంత? మందు ప్రేలుటకు ముందు ఏమని కేక వేసెడివారు? మంచి రేకును ఏమందురు, మచ్చరేకును ఏమందురు, చెత్తను ఏమందురు? తట్ట లందించుకొనునప్పుడు ఏ పాట పాడుకొనెడివారు? చీల్చుట ఎవరివద్ద నేర్చితివి, ఎన్నవయేట? గుంటలో ప్రమాదము జరిగిన దినమున ఎవరు పోయిరి, ఆ యింటివారి కేమి ముట్టినది? కడపటి జీతమెప్పుడు వచ్చినది, మఱునాడు ఏమి చేసితివి? ఊరికొక నోటుపుస్తకమును, మాట పట్టుటకు చేతిలోని ఫోనును చాలును. వేసవి సెలవులలో ఉన్నతపాఠశాల పిల్లలకు వేఱు పని యుండదు. ఉదయము ఎనిమిది గంటలలోపల పోవుట మంచిది. ఆ తరువాత వృద్ధులకు ఆయాసము హెచ్చును.